రుద్దుకుపోయే స్టిక్కర్ల కోసం బెంగళూరు

శుక్రవారం: జేసీ రోడ్డు, బళేపేట

హిందూపురంలో మాది రేడియం షాపు. బండ్లకు నంబర్లు, ఆటోల వెనక పేర్లు, లారీ అద్దాల మీద తిరునామాలు, కొత్త బైకు ట్యాంకు మీద పిల్లల పేర్లు కట్ చేసి అంటించడం మా పని. మా ఆయన అంటిస్తాడు. కటింగ్ మెషిన్ దగ్గర కూర్చునేది నేను. వినైల్ రోల్స్ కోసం బెంగళూరు పోయి రావడం మాకు మామూలే. ఈ జనవరిలో మాత్రం సరుకుతో పాటు ఇంకో పని కూడా పెట్టుకుని వెళ్లాను. మా అక్క కూతురు అక్కడ ఇంజినీరింగ్ చదువుతోంది. రెండేళ్లుగా స్కేట్‌బోర్డింగ్ చేస్తోంది. వాళ్ల గుంపుకి సొంత స్టిక్కర్లు కావాలట. "ఫోన్లో చెప్తే నీకు అర్థం కాదు పిన్నీ, వచ్చి బోర్డు చేత్తో పట్టుకుని చూడు" అంది.

జేసీ రోడ్డంతా బండ్ల సామాన్ల దుకాణాలే. సీటు కవర్లు, హారన్లు, అద్దాలకు అంటించే ఫిల్ము, అన్నీ అక్కడే దొరుకుతాయి. మేం సరుకు తీసుకునే షాపాయన పలమనేరు మనిషి. చెక్క మీద అంటించాలి అనగానే రెండు రకాల తునకలు కోసి చేతిలో పెట్టాడు. ఒకటి మామూలు వినైల్. కాస్త మందం, ధర తక్కువ, ఎండకు నాలుగు అంచులా లోపలికి ముడుచుకుంటుంది. ఇంకోటి కాస్ట్ వినైల్. పల్చగా ఉండి వంపుల మీద కూడా సాగి కూర్చుంటుంది, కానీ ధర రెండింతలు దాటుతుంది. "దేనికి గావాల? ఎన్నాళ్లు ఉండాల?" అని అడిగాడు. మా వ్యాపారంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే. సాయంత్రం పాపను అడిగి చెప్తానని రెండు తునకలూ పర్సులో వేసుకున్నాను.

అక్కడి నుంచి ఆటో ఎక్కి చిక్‌పేట మెట్రో దగ్గర దింపమన్నాను. దారిలో తవ్వకాలని ఆటో అతను ఎటెటో తిప్పి బళేపేటలో దింపేశాడు. రోల్ భుజాన వేసుకుని నడుస్తుంటే రెండు వైపులా వీణలు, తబలాలు, హార్మోనియంలు. ఒక దుకాణంలో పెద్దాయన మృదంగం మూతకు కరణ పూస్తున్నాడు. నల్లటి ముద్దను వేలితో కాస్త పెట్టడం, రాయితో రుద్దడం, మళ్లీ కాస్త పెట్టడం. చాలాసేపు నిలబడి చూశాను. దారి కన్నడంలో అడిగితే నా యాస విని తెలుగులో బదులిచ్చాడు. ఆయన వాళ్ల ముత్తాతది ధర్మవరమట. పని ఆపి వీధి మలుపు దాకా వచ్చి దారి చూపించాడు. చిక్‌పేట చుట్టూ ఈ పేటల్లో దారి అడిగితే వేలు చూపించి ఊరుకోరు, తోడు వస్తారు.

మెజెస్టిక్ దగ్గర ఒక ఆంధ్రా మెస్సులో 140 రూపాయలకు భోజనం. పప్పు బాగుంది, గోంగూర ఇంకా బాగుంది, రసం పర్వాలేదు. మధ్యాహ్నం దాటాక మారతహళ్లి చేరాను. పాప పీజీ నడిపే ఆమెది కావలి. చుట్టాలు ఒక రాత్రి ఉంటే 350 తీసుకుంటుంది. "పిన్నివి గదా" అని రెండు పూటల టిఫిను అందులోనే కలిపేసింది.

రాత్రి పాప తన బోర్డు మంచం మీద బోర్లా పెట్టింది. మేపుల్ చెక్క పొరలు ఏడు అతికించి నొక్కితే డెక్ తయారవుతుందట. పైన ఉప్పుకాగితం లాంటి గ్రిప్ టేప్, అడుగున రెండు ట్రక్కులు, అంటే చక్రాలు బిగించే లోహపు ఇరుసులు, వాటికి నాలుగు చక్రాలు. ట్రక్కుల మధ్య జానెడున్నర జాగాలో స్టిక్కర్ల మీద స్టిక్కర్లు. ఒక్కటీ నిండుగా లేదు. నీలం రంగు చేతి వేళ్లు మూడు మాత్రం మిగిలిన బొమ్మ ఒకటి ఉంది. "అది స్క్రీమింగ్ హ్యాండ్ పిన్నీ. అరచేతిలో నోరు తెరుచుకుని అరుస్తుంటుంది. నోరు అరిగిపోయింది" అని ఫోన్లో అసలు బొమ్మ చూపించింది. కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ కంపెనీ కోసం జిమ్ ఫిలిప్స్ అనే ఆయన 1985లో గీసిన బొమ్మ అది. నలభై ఏళ్లు దాటినా ఇప్పటికీ బోర్డుల మీద కనిపిస్తూనే ఉంది. పాపకు దాన్ని ఇచ్చింది వాళ్ల సీనియర్ అమ్మాయి. చదువు ముగించి పుణె వెళ్లిపోతూ తన పుస్తకంలో దాచుకున్నది తీసి ఇచ్చిందట.

లామినేషన్ వేసి కాస్ట్ వినైల్ మీద చేస్తే ఇలా పోదు కదా, అలా చేద్దామా అన్నాను. పాప ఒప్పుకోలేదు.

"వద్దు పిన్నీ. అరగాల. అరగకపోతే నేను బోర్డు గోడకు ఆనించి పెట్టుకున్నానని అనుకుంటారు."

పదిహేనేళ్లుగా ఊడకుండా ఉండేవి ఎలా చేయాలా అని ఆలోచిస్తున్న మనిషిని. ఈ మాటతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శనివారం: శంకరపురం, ఒక చిన్న షాపు, వీవీ పురం

పొద్దున్నే శంకరపురం వెళ్లి బ్రాహ్మిణ్స్ కాఫీ బార్‌లో నిలబడి ఇడ్లీ, వడ తిన్నాం. 1965 నుంచి ఉన్న చోటు. సాంబారు అడిగితే ఉండదు, కొబ్బరి చట్నీ మాత్రమే. చట్నీ వడ్డించే అతను ప్లేటు ఖాళీ కాకముందే మళ్లీ పోస్తాడు, వద్దనేదాకా పోస్తూనే ఉంటాడు. చుట్టూ ఆఫీసులకు పోయేవాళ్లు, లాల్‌బాగ్‌లో నడిచి వచ్చిన ముసలివాళ్లు, అందరూ ఫుట్‌పాత్ మీద నిలబడే తింటున్నారు. బోర్డు చంకలో పెట్టుకున్న మా పాపను చూసి ఒక తాతగారు పక్కకు జరిగి, కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి గట్టు మీద చోటు ఇచ్చాడు.

తర్వాత వెళ్లిన షాపు పేరు రాయను, ఇంటి కింది గదిలో నడిచే చిన్న చోటు అది. తలుపు చెక్కా, గాజా అన్నది తెలియదు, అంతగా స్టిక్కర్లు ఉన్నాయి. నడుపుతున్న అతనికి నలభై లోపు ఉంటాయి. కన్నడం, ఇంగ్లిష్ కలిపి మాట్లాడతాడు. నేను రేడియం పని చేస్తానని పాప చెప్పగానే లోపలికి పోయి పాత బిస్కెట్ డబ్బా తెచ్చాడు. ఆ డబ్బా ముందు గంటన్నర కూర్చున్నాం.

పాతవి చేత్తో తడిమితేనే తెలుస్తుంది. స్క్రీన్ ప్రింటింగ్ ఇంకు దళసరిగా, రంగు రంగుకీ మధ్య చిన్న గట్టు తగులుతుంది. ఇప్పటి డిజిటల్ ప్రింటు నున్నగా ఉంటుంది. పవెల్ పెరాల్టాది ఒకటి, కాగితం చింపుకుని బయటికి తొంగిచూసే పుర్రె. ఆ కంపెనీని 1978లో జార్జ్ పవెల్, స్టేసీ పెరాల్టా మొదలుపెట్టారు. వాళ్ల పుర్రెలు, ఎముకల బొమ్మలు గీసింది వీసీజే అనే పొడి అక్షరాలతో పేరుపడ్డ చిత్రకారుడు. ఇండిపెండెంట్ ట్రక్కుల వాళ్ల వృత్తంలోని శిలువ గుర్తు, స్పిట్‌ఫైర్ చక్రాల వాళ్ల మండే తల, 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన థ్రాషర్ పత్రిక మంటల అక్షరాలు. చిన్న నలుపు తెలుపు స్టిక్కరు ఒకటి చూపించి దీని సంగతి తెలుసా అన్నాడు. షెపర్డ్ ఫెయిరీ అమెరికాలో ఆర్ట్ కాలేజీ విద్యార్థిగా ఉన్నప్పుడు, 1989లో, కుస్తీ వీరుడు ఆండ్రే ది జెయింట్ మొహంతో స్టిక్కరు చేసి స్నేహితులకు పంచాడు. అది స్కేటర్ల చేతుల మీదుగా ఊళ్లు దాటింది. తర్వాత ఆయన ప్రపంచానికి తెలిసిన చిత్రకారుడయ్యాడు. నా చేతిలో ఉన్నది దానికి ఎవరో చేసిన నకలు అని కూడా అతనే చెప్పాడు. నిజం చెప్పే దుకాణదారుడు కనపడితే నాకు గౌరవం కలుగుతుంది.

ఇంటర్నెట్ లేని రోజుల్లో అక్కడి పిల్లలు సొంత అడ్రసు రాసి, స్టాంపు అంటించిన ఖాళీ కవరును కంపెనీకి పంపేవాళ్లట. కంపెనీ వాళ్లు అందులో నాలుగు స్టిక్కర్లు పెట్టి తిప్పి పంపేవాళ్లు. బోర్డు కొనే స్తోమత లేని పిల్లాడు కూడా ఆ కవరుతో గుంపులోవాడయ్యేవాడు. ఈ ముక్క నాకు చాలా నచ్చింది.

మన దగ్గర ఈ ఆట వయసు తక్కువే. బెంగళూరులో హోలీస్టోక్డ్ అనే గుంపు కుర్రాళ్లు పదేళ్ల కిందటే సిమెంటు కలిపి సొంతంగా ర్యాంపులు, గిన్నెలా లోతుగా ఉండే బౌల్స్ కట్టడం మొదలుపెట్టారు. ఇతర ఊళ్లకు కూడా పోయి కట్టారు. ఇక్కడి అమ్మాయి అతీతా వర్గీస్ గర్ల్ స్కేట్ ఇండియా అని మొదలుపెట్టి ఆడపిల్లలను బోర్డు ఎక్కించింది. మా పాప బోర్డు ఎక్కడానికి ధైర్యం వచ్చింది ఆమె వీడియోలు చూశాకే. మా అక్కకు ఈ సంగతి నేను చెప్పలేదు, పాపే చెప్పుకుంటుంది.

పాప చక్రాలకు బేరింగులు కొంది, 900 రూపాయలు. సంచీలో వేసేటప్పుడు అతను డబ్బా పక్కనున్న కట్టలోంచి రెండు స్టిక్కర్లు తీసి అడగకుండానే పడేశాడు. కూరగాయల అంగట్లో తూకం అయ్యాక వేసే కొసరు లాగే. వాటికి ధర లేదు, అమ్మేవి కావు. బయటికి రాగానే పాప ఒకటి నాకిచ్చింది. ఎక్కడ అంటించాలో నన్నే తేల్చుకోమంది.

సాయంత్రం వీవీ పురం తిండి వీధి. జనవరి అంటే అనపకాయల కాలం. అవరెబేళె దోశ పెనం మీద చుయ్యిమంటుంటే గింజలు పైకి ఉబికి కనిపిస్తున్నాయి. పితికిన పప్పు పులుసు ఇంట్లో మేం చేసుకునేదే, కానీ అనప గింజలతో జిలేబీ నేను ఎన్నడూ ఎరగను. ఒక్కటి చాలనిపించింది. దోశ మాత్రం రెండోది కూడా తిన్నాం. జనం తోసుకుంటున్నారు, అయినా ఎవరి ప్లేటుకు మోచెయ్యి తగిలినా "సారీ అమ్మా" అంటున్నారు. అక్కడే నిలబడి పాప బిల్లు కాగితం వెనక పెన్నుతో గీసింది. అనపకాయ ఒకటి, బోర్డు లాగా రెండు కొసలూ పైకి లేచి, కింద నాలుగు చక్రాలతో. తొక్కు విచ్చుకుని లోపల గింజలు కనిపిస్తున్నాయి. పుర్రెలూ మంటలూ చూసి వచ్చిన కళ్లకు ఇది ఎంత బాగుందో చెప్పలేను. ఆ కాగితం నూనె మరకతో సహా ఇప్పుడు మా షాపు గోడకు ఉంది.

ఆదివారం: కబ్బన్ పార్కు, సర్జాపూర్ రోడ్డు

ఆదివారం కబ్బన్ పార్కు లోపలి దారుల్లో బండ్లు తిరగవు. పొద్దున ఏడింటికే పిల్లలు సైకిళ్లు, రోలర్ స్కేట్లు, కుక్కలు, ఫోటోలు తీసేవాళ్లు. పాప స్నేహితులు ముగ్గురు వచ్చారు. అందులో ఒకడిది గుంటూరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నన్ను "ఆంటీ" అని మొదలుపెట్టి పది నిమిషాల్లో "పిన్నీ" దగ్గరికి వచ్చాడు.

దీపస్తంభం మీద పాత స్టిక్కరు ఒకటి కనపడి, మీరూ ఇలా అంటిస్తారా అని అడిగాను. అంటించం అన్నారు. కర్ణాటకలో బహిరంగ స్థలాలను పోస్టర్లు, రాతలతో పాడు చేయకూడదని 1981 నాటి చట్టమే ఉంది. అది పక్కన పెట్టినా, మనల్ని తిరగనిచ్చే చోటును పాడు చేస్తే రేపు గేటు దగ్గరే ఆపేస్తారని గుంటూరు అబ్బాయి మాట. వాళ్లలో వాళ్లకు ఇంకా కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఇంకొకరి స్టిక్కరు మీద మనది అంటించకూడదు. వేరేవాళ్ల బోర్డుకు అడగకుండా అంటించకూడదు. తొక్కని కంపెనీది, కలవని గుంపుది పెట్టుకోవడం కూడా బాగుండదట. ఎవరైనా "ఇది ఎక్కడిది" అని అడిగితే చెప్పడానికి ఒక మనిషో ఒక ఊరో ఉండాలి.

మధ్యాహ్నం సర్జాపూర్ రోడ్డు వైపు సిమెంటు స్కేట్‌పార్క్‌కు వెళ్లాం. ఆటోకి 280 అయ్యింది, ట్రాఫిక్‌లో గంట పైన కూర్చున్నాం. లోపల నున్నటి బౌల్, మెట్లు, ఇనుప రెయిలు, తక్కువ ఎత్తు గట్లు. నేను రెయిలు పక్కనే కూర్చున్నాను, నాకు చూడాల్సింది అక్కడే.

పాప దూరం నుంచి తోసుకుంటూ వచ్చి ఆలీ కొట్టి, అంటే చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా ఎగిరి, బోర్డు నడుము రెయిలు మీద అడ్డంగా పడేటట్టు ఎక్కుతుంది. బోర్డ్‌స్లయిడ్ అంటారు. ఒక బారెడు దూరం చెక్క ఇనుము మీద జారుతుంది. ఆ చప్పుడు మా వీధిలో షట్టరు లాగినట్టు ఉంటుందని చెప్పబోయాను, కానీ అంతకంటే పొడిగా, చిన్నగా ఉంటుంది. దిగాక బోర్డు తిప్పి చూపించింది. నిన్న షాపులో ఇచ్చిన స్టిక్కరు రాత్రే అంటించింది. మధ్యలో వేలి వెడల్పున గీత పడి ఇంకు లేచిపోయింది, కింద తెల్లగా ఉంది.

నా పనికొచ్చేది అక్కడే దొరికింది. అందరి బోర్డులూ బోర్లించమని అడిగి వరసగా చూశాను. ప్రింటు చేసిన వాటికి పైన ఇంకు పొర పోగానే తెల్ల వినైల్ బయటపడుతోంది. అక్కడి నుంచి అది బొమ్మ కాదు, మచ్చ. రంగు వినైల్‌ను కట్ చేసి అంటించినవి రెండే ఉన్నాయి. వాటికి రంగు పొరలోనే ఉంటుంది కాబట్టి ఎంత అరిగినా మిగిలినంత మేర అదే రంగు. ఇంకో సంగతి, చదరపు మూలలున్నవన్నీ మూలల దగ్గరే లేచాయి. మూలలు గుండ్రంగా ఉన్నవి అంచుల దాకా పట్టుకుని ఉన్నాయి. పాప అనపకాయకు మూలలే లేవు. ముదురాకుపచ్చ అడుగు పొర, లేతాకుపచ్చ గింజలు, నల్ల చక్రాలు. ప్రింటు వద్దు, లామినేషన్ వద్దు, మామూలు వినైలే చాలు, మూడు రంగులు కట్ చేసి ఒకదాని మీద ఒకటి పేరుద్దాం అన్నాను. అంటించే ముందు చెక్కను స్పిరిట్‌తో తుడిచి, అంటించాక ఒక రోజు తొక్కకుండా ఉంచితే జిగురు బాగా పడుతుందని కూడా చెప్పాను. ఒక రోజు తొక్కకుండా ఉండటం వాళ్లకు కష్టంగా అనిపించింది.

నా పక్కన ఒక ఎనిమిదేళ్ల అమ్మాయి వచ్చి కూర్చుంది. హెల్మెట్ నిండా స్టిక్కర్లు, మోచేతికి తొడుగు, మోకాలి మీద ఎండిన దెబ్బ. వాళ్లమ్మ కొడగు, నాన్న నెల్లూరు, తెలుగు గలగలా మాట్లాడుతోంది. హెల్మెట్‌వి ఎప్పటికీ పోకూడదట, అవి దాచుకునేవట. ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ మొదటిసారి పెట్టింది 2021లో జరిగిన టోక్యో ఆటల్లో. మెట్లు, రెయిళ్ల మీద ఆడే స్ట్రీట్ పోటీలో ఆడవాళ్ల విభాగంలో బంగారు పతకం గెలిచిన మొమిజి నిషియాకు అప్పటికి 13 ఏళ్లు. "నాకు ఇంకా ఐదేళ్లు ఉన్నాయి" అని లెక్క చెప్పి లేచి పోయింది. అందుకని హెల్మెట్ల కోసం కొన్నిటిని లామినేషన్‌తో విడిగా చేయాలని రాసుకున్నాను.

సాయంత్రం చిన్న పోటీ. మెట్ల మీద నుంచి ఎవరు మంచి ట్రిక్ చేస్తే వాళ్లకు కొత్త డెక్. గాల్లో బోర్డును కాలితో తన్ని ఒక చుట్టు తిప్పే కిక్‌ఫ్లిప్‌తో దిగిన కుర్రాడికి వచ్చింది. అతను దాన్ని అక్కడికక్కడే పగిలిన బోర్డుతో తిరుగుతున్న ఇంకో పిల్లాడికి ఇచ్చేశాడు. చివరలో నిర్వాహకుడు గట్టు ఎక్కి స్టిక్కర్లు గుప్పిళ్లతో గాల్లోకి విసిరాడు. పిల్లలూ పెద్దలూ ఎగబడ్డారు. రెండు దొరికినవాళ్లు దొరకనివాళ్ల కోసం వెతుకుతున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్‌ది కదిరి. ఆయన ఒకటి ఏరుకుని తన సైకిల్ మడ్‌గార్డుకు అంటించబోతుంటే, ఆగన్నా అని దుమ్ము తుడిచి, బుడగ రాకుండా నేనే అంటించి ఇచ్చాను.

సోమవారం: మారతహళ్లి

పీజీ ఎదురుగా టీ బండి దగ్గర లెక్కలు. సరుకు, నా కటింగు కలిపి ఒక్కోటి 11 రూపాయలు పడుతుంది. మూడు పొరలు చేత్తో పేర్చాలి, తప్పదు. 30 రూపాయలకు అమ్మితే తర్వాతి దఫా ఖర్చు కూడా వచ్చేస్తుందని చెప్పాను. నలుగురూ ఒకే మాట: అమ్మం. తలా వంద వేసుకుంటాం, కొత్తగా వచ్చే ప్రతి అమ్మాయికీ రెండు ఇస్తాం, ఒకటి తన బోర్డుకు, ఒకటి తను ఇంకొకరికి ఇవ్వడానికి. వ్యాపారం చేసే మనిషిగా చాలాసేపు వాదించాను. అమ్మితే తప్పేం లేదని ఇప్పటికీ నా అభిప్రాయం, ర్యాంపు బాగు చేయించడానికి డబ్బు కావాలి కదా. అయినా మొదటి దఫా వాళ్ల మాటే నెగ్గింది. నా కటింగు కూలి తీసేసి ఒక్కోటి 6 రూపాయలకు ఒప్పుకున్నాను. జేసీ రోడ్డు షాపాయనకు ఫోన్ చేసి రెండు ఆకుపచ్చలు, ఒక నలుపు రోల్ రైలు టైముకు మెజెస్టిక్‌కు పంపమన్నాను. ఎన్నాళ్లు ఉండాలని మళ్లీ అడిగాడు. ఆడపిల్లలు ఎంత బాగా తొక్కితే అంత తొందరగా పోవాలన్నా అని చెప్పాను. రోల్స్ తెచ్చిన కుర్రాడికి కూలి 60 ఇచ్చాను.

నిన్న రాత్రి ఇల్లు చేరాను. పొద్దున మా ఆయన ట్రాక్టరు నంబరు ప్లేటు పని పక్కన పెట్టి, మొదటి అనపకాయలు మెషిన్ మీద కట్ చేస్తుంటే గింజలు ఒక్కొక్కటీ సూదితో తీసి ఇచ్చాడు. ఐదు గింజలు పెడితే చిన్నవైపోయి ఊడుతున్నాయి. నాలుగు చేసి, పాపకు ఫోటో పంపాను. ఒప్పుకుంటే శనివారం బస్సులో పార్సిల్ వేస్తాను.